కబురు చేసెదమనిరి

గత వేసవిలో మా చెల్లెలి కుమార్తె ఒక ఉద్యోగమునకై పడిన పాట్లను మీకు చెప్పవలయునని చాల దినములనుండి యనుకొనుచున్నాను. ఆమె మొదట నొప్పుకొనలేదు. "అందరికిని జరుగునదే గదా పెద్దమ్మా, ఇందులో వ్రాయుటకేమున్నది?" అనెను. అందరికిని జరుగుచున్నది గనుకనే వ్రాయవలయునని నేను వాదించితిని. తన పేరును, ఊరి పేరును, ఆ కాలేజి పేరును బయటపెట్టకున్నచో వ్రాయుమని తుదకు సెలవిచ్చినది. ఆ మాట నేను నిలుపుకొనెదను.

అమ్మాయి రసాయన శాస్త్రమున ఎం.ఎస్‌సి. చదివి, బి.ఎడ్. కూడ ముగించినది. పెండ్లికి ముందు రెండేండ్లును, తరువాత ఒక యేడును ఇంటర్మీడియెటు పిల్లలకు పాఠములు చెప్పి, కాన్పునకై మానుకొనెను. పిల్లవానికి మూడవ యేడు వచ్చిన పిమ్మట ఇంటికి దగ్గరనున్న చిన్న బడిలో తొమ్మిది, పది తరగతులకు సైన్సు చెప్పుటకు కుదిరెను. అచట జీతము స్వల్పమే. అయినను నెల తిరుగగానే చేతికందెడిది. హెడ్‌మిస్ట్రెసు మర్యాద తెలిసిన మనిషి. పిల్లవానికి జ్వరము వచ్చిననాడు సెలవడిగిన ముఖము ముడుచుకొనెడిది కాదు. ఈ సౌకర్యములన్నియు చేతినుండి జారినదాక వానికి విలువ కట్టవలెనని మాకెవ్వరికిని తోచలేదు.

ఇట్లుండగా, పట్టణములోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు కావలయునని వాట్సాపులో నొక ప్రకటన తిరుగుచు తిరుగుచు మా అమ్మాయి ఫోనులోనికి వచ్చినది. జీతము "అర్హతను బట్టి" అని యుండెను. దరఖాస్తు పంపిన నాలుగవనాటి రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మ్రోగెను. మాటలాడినవారు తమ పేరు చెప్పలేదు. "రేపు తొమ్మిదికల్లా రండి మేడం, ఒరిజినల్సన్నీ తీసుకొని రండి" అని, ఈమె మరియొక ప్రశ్న వేయులోపల పెట్టివేసిరి. మరునాడు బడికి సెలవు పెట్టవలసివచ్చెను. పిల్లవానిని చూచుకొనువారు లేక నన్ను రమ్మనగా నేనును వెంటబోయితిని. ఆ కారణముచేతనే యీ కథలో సగము నేను కన్నులార చూచినది.

తొమ్మిదికి పది నిమిషములు తక్కువగా చేరితిమి. కావలివాడు పుస్తకములో పేరు వ్రాయించుకొని మేడమీదికి పంపెను. అక్కడ నొక వరండా, ఒక పొడుగు బల్ల, రెండు ప్లాస్టికు కుర్చీలు. మాకంటె ముందు ఐదుగురు వచ్చియుండిరి. తరువాత మరి యిద్దరు వచ్చిరి. ఎవరిని ముందు పిలుతురో, ఎన్ని గంటలకు పిలుతురో చెప్పువారు లేరు. వారిలో నొకామె ఆరునెలల పసిబిడ్డతోను, తల్లితోను తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినదట. బిడ్డను ఎత్తుకొని ఆ తల్లి క్రింద వేపచెట్టు నీడను కూర్చుండెను. బిడ్డ యేడ్చినప్పుడెల్ల ఈమె మెట్లు దిగి పరుగెత్తుట, ఈలోపల తన పేరు పిలుతురేమోయని మరల రొప్పుచు పైకి వచ్చుట, ఉదయమంతయు నిదే పని. "అమ్మా, నీ వంతు పండ్రెండు తరువాత" అని యెవ్వరైన నొక్క మాట చెప్పియుండినచో, నెమ్మదిగా కూర్చుండి బిడ్డకు పాలిచ్చుకొనెడిది.

కరస్పాండెంటు పదకొండున్నరకు వచ్చెను. వచ్చి, లోపల నెవరితోనో ఫోనులో ఇండ్లస్థలముల బేరము గంటసేపు మాటలాడెను. తలుపు తెరచియున్నందున గజము ధర యెంతో బల్లమీద కూర్చున్న యేడుగురికిని తెలిసినది. మధ్యాహ్నము భోజనమునకు లేచిపోయెను. మా అమ్మాయిని పిలుచుసరికి మూడు ముప్పావు. పిల్లవాడు నా యొడిలో నిద్రించుచుండెను గాని నాకు చెవులు నిద్రించుట లేదు గదా. లోపలి మాటలన్నియు వినవచ్చెను.

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?" అని మొదటి ప్రశ్న. "పిల్లలెందరు?" అని రెండవది. ఒక్కడేయని చెప్పగా, "మరొకరి సంగతి ఎప్పుడు ఆలోచిస్తున్నారు? ఇక్కడ చేరాక మధ్యలో సెలవంటే కుదరదు" అనెను. అత్తగారు ఇంటిలో నుందురా, భర్తకు జీతమెంత, ఆయన సంపాదించుచుండగా ఈమె కీ యవస్థ యేల, వంట యెవరు చేయుదురు? ఇన్నియు నడిగెను. రసాయన శాస్త్రమును గూర్చి మాత్రము ఒక్కటియు నడుగలేదు. రాత్రి పదకొండు గంటలదాక పుస్తకములు తిరగవేసుకొని వచ్చిన పిల్ల! ఆమె యన్నిటికిని తల వంచుకొని బదులు చెప్పెను. తిరిగి వచ్చునపుడు "నీవేల చెప్పితివి?" అని నేను కోపగించితిని. "చెప్పక లేచి వచ్చినచో పొగరుబోతు అందురు, చెప్పితిని గనుక నీవు తిట్టుచున్నావు. ఇక నేనేమి చేయవలెనో చెప్పు పెద్దమ్మా" అనెను. ఆ ప్రశ్నకు బదులు అప్పుడు నా యొద్ద లేకపోయెను.

ఆమె తరువాత లెక్కల లెక్చరరు పనికి వచ్చిన యువకుడు లోనికి పోయి పది నిమిషములలో బయటికి వచ్చెను. నేను ఆగలేక, "నాయనా, నిన్ను పెండ్లిని గూర్చి, పిల్లలను గూర్చి అడిగిరా?" అంటిని. అతడు నవ్వి, "లేదండమ్మా, ఇదివరకు ఎక్కడ చేశావు, ఎంత కావాలి అని అడిగారు" అనెను. అతనికి ఇద్దరు పిల్లలట. వారికి జ్వరము వచ్చినచో ఎవరు సెలవు పెట్టుదురో కరస్పాండెంటుగారికి తెలిసికొనవలెనని తోచలేదు.

సాయంకాలము డెమో క్లాసు చెప్పించిరి. చూచినవారు బాగున్నదనిరి. కరస్పాండెంటు సంతోషించి, "సోమవారం నుంచి వచ్చేయండి. వారం పది రోజులు చూసి ఆర్డరిస్తాం. సర్టిఫికెట్లు ఆఫీసులో ఇచ్చి వెళ్ళండి" అనెను. ఇప్పుడు చేయుచున్న ఉద్యోగము మాట యేమని అమ్మాయి యడుగగా, "మానేసి రండి మేడం, ఇది మీదే అనుకోండి" అనెను.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకొనవలెను. అమ్మాయి రెండు దినములు వెనుకాడెను. కాగితమేదియు చేతికి రాకుండ ఉన్న పని మానుట యెట్లని భయపడెను. నేనే తొందరపెట్టితిని. "అంత పెద్ద కాలేజి, మాట తప్పుదురా? వెనుకాడినచో మరియొకరికిత్తురు" అని చెప్పితిని. వయసులో పెద్దదానను; నా మాట విని ఆమె బడిలో రాజీనామా ఇచ్చినది. హెడ్‌మిస్ట్రెసు నొచ్చుకొనియు, జూను నెలలో మరియొకరిని వెదకుకొనుట కష్టమనియు చెప్పి, ఆశీర్వదించి పంపెనట.

సోమవారము మొదలు పదకొండు దినములు ఆమె ఆ కాలేజీలో పని చేసెను. దినమునకు నాలుగు క్లాసులు. పరమాణు నిర్మాణము ముగించి, రసాయన బంధములోనికి ప్రవేశించెను. రాత్రులు కూర్చుండి నోట్సు వ్రాసినది. వానిని ఆఫీసువారు జెరాక్సు తీయించి అన్ని సెక్షనులకును పంచిరి. వారాంతపు పరీక్షకు ప్రశ్నపత్రము తయారు చేయించిరి. డెబ్బది జవాబుపత్రములు దిద్దించిరి. ఆర్డరును గూర్చి యడిగినప్పుడెల్ల "సారు సంతకం ఒక్కటే మిగిలింది" అనుచు వచ్చిరి.

పండ్రెండవనాడు క్లాసులోనికి పోగా అక్కడ మరియొకామె పాఠము చెప్పుచుండెను. ఈమె పుస్తకములు గుండెకు హత్తుకొని తలుపువద్ద నిలుచుండిపోయినదట. నలుబది జతల కన్నులు ఇటు తిరిగెను. ఆఫీసులోనికి పోయి యడిగిన, గుమాస్తా తల యెత్తకయే, "సారు ఊళ్ళో లేరు, కబురు చేస్తాం" అనెను.

కబురు రాలేదు. ఫోను చేసిన నెత్తలేదు. వాట్సాపులో వినయముగా నొక సందేశము పంపినది. చదివినట్లు రెండు నీలి గురుతులు పడెను, బదులు మాత్రము లేదు. మరునాడు మరియొకటి, దానికిని నీలి గురుతులే. పూర్వకాలమున ఉత్తరమునకు బదులు రాకున్న దారిలో పోయినదేమోయని మనసును సమాధానపెట్టుకొనెడివారము. ఇప్పుడా యూరటయు లేదు. వారు చదివిరని తెలియును, చదివి ఫోను జేబులో వేసికొనిరని తెలియును. పిల్ల మూడు వారములు ఆ ఫోనును కంచముప్రక్కన పెట్టుకొని యన్నము తినెను. అల్లుడు మంచివాడు గనుక నేమియు ననలేదు. కాని యింటిలో నొక జీతము ఆగినపుడు ఎవరు నేమియు ననకపోవుటయు నొక బరువే. పాలవాని లెక్క చూచునపుడు ఆమె ముఖము చూడలేకపోయితిని. రాత్రి తనలో తాను, "పాఠము సరిగా చెప్పలేదేమో, గొంతు చాలలేదేమో, ఆనాడు మరియొకబిడ్డ సంగతి చెప్పుటలో పొరబడితినేమో" అని తన తప్పులు వెదకుకొనుచుండుట విన్నాను.

ఆమె తప్పేమియు లేదని తరువాత తెలిసినది. ఒకనాడు బస్సుస్టాండులో, ఆనాడు క్లాసులో చూచిన ఆమెయే ఎదురుపడి పలుకరించెను. ఆమె ఆ కాలేజీలో నాలుగేండ్లుగా పనిచేయుచున్న లెక్చరరట. తమ్ముని పెండ్లికై పండ్రెండు దినములు సెలవు పెట్టి పోయి వచ్చినదట. అనగా అచట ఉద్యోగమే ఖాళీ లేదు! ఆ పండ్రెండు దినముల గొయ్యి పూడ్చుటకే ప్రకటన, ఇంటర్వ్యూ, డెమో, ఆశ, రాజీనామా! ఆమెయు పాపము విని నిర్ఘాంతపడి, "నోట్సు మీదా? నేను కూడ దానినే చెప్పుచున్నాను, చాల బాగున్నది" అనెనట.

ఇక సర్టిఫికెట్లు. పదవ తరగతి మొదలు ఎం.ఎస్‌సి. వరకు అసలు పత్రములన్నియు వారియొద్ద చిక్కుకొని యుండెను. అవి లేక మరియొకచోట దరఖాస్తునకైనను వీలు లేదు. నాలుగు మారులు తిరిగిన పిమ్మట నేను కలము చేతబట్టితిని. ఏ తేదీని ఏయే పత్రములు ఇచ్చినది, ఏయే దినములు పనిచేసినది, ఎన్ని క్లాసులు చెప్పినది వరుసగా వ్రాసి, పత్రములును పదకొండు దినముల జీతమును ఏడు దినములలో నియ్యవలయునని, ఇయ్యనిచో పోలీసులకును, విద్యాశాఖాధికారులకును ఫిర్యాదు చేయుదుమని స్పీడుపోస్టులో పంపితిమి. ఐదవనాడు పత్రములు వచ్చి తీసికొనిపొమ్మని ఫోను వచ్చెను. డిగ్రీ పట్టామీద మూలనొక టీ గ్లాసు వలయము పడియుండెను. జీతము మాత్రము రాలేదు.

ఇదంతయు జరిగిన పిమ్మట, ఇటువంటి ప్రశ్నలు ఒక్క మా అమ్మాయికే యెదురైనవా యని నేను పుస్తకములు తిరగవేసితిని. చదివినకొలది ఆశ్చర్యమయ్యెను. కొడగు సీమకు చెందిన సి. బి. ముత్తమ్మగారు 1949లో భారత విదేశాంగ సేవలో చేరిన మొదటి మహిళ. పెండ్లి చేసికొన్నచో ఉద్యోగము మానెదనని ఆమెచేత హామీపత్రము వ్రాయించుకొనిరి. 1961 నాటి నియమములలో సయితము, ఆ సేవలోని స్త్రీ పెండ్లికి ముందు ప్రభుత్వమువారి వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలయుననియు, సంసారపు బాధ్యతలు పనికి అడ్డమనిపించినచో రాజీనామా చేయుమనవచ్చుననియు నుండెను. పురుషునకు ఈ నిబంధన లేదు. పెండ్లియైన పురుషునకు సంసార బాధ్యతలుండవు కాబోలును! ముత్తమ్మగారు సుప్రీంకోర్టు కెక్కిరి. 1979లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారు ఆ నియమములు స్త్రీలపట్ల వివక్షయని తీవ్రముగా గర్హించిరి.

1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో చదువుచున్న సుధామూర్తిగారు టెల్కో కంపెనీ ప్రకటన చూచిరి. స్త్రీలు దరఖాస్తు చేయనక్కరలేదని దానిలో నుండెను. ఆమె యొక పోస్టుకార్డుపై తన యాక్షేపణ వ్రాసి జె. ఆర్. డి. టాటాగారికే పంపిరి. రాకపోకల ఖర్చులిచ్చి పూనాకు ఇంటర్వ్యూకు పిలిచిరి, ఉద్యోగమును ఇచ్చిరి. ఈ కథ చాలమందికి తెలిసినదే.

అంతగా ప్రచారములోనికి రాని మరియొక వ్యాజ్యము నా మనసున గట్టిగా నాటుకొన్నది. 1989లో ఒక యువతి జీవిత బీమా సంస్థలో అసిస్టెంటు ఉద్యోగమునకు వ్రాతపరీక్షలోను, ఇంటర్వ్యూలోను నెగ్గెను. అప్పుడామెకు నింపుమని యొక పత్రమిచ్చిరి. నెలసరి సరిగా వచ్చుచున్నదా, నొప్పి యుండునా, కడపటిసారి ఏ తేదీని వచ్చినది, ఇదివరకు ఎన్నిమారులు గర్భము వచ్చినది, గర్భస్రావము జరిగినదా, ఇప్పుడు గర్భవతివా యని అందులో ప్రశ్నలు. ఆమె నింపెను. సంస్థవారి లేడీడాక్టరు పరీక్షించి ఆరోగ్యము బాగున్నదని వ్రాసెను. సెప్టెంబరు 25న నియామకపు ఉత్తరువు వచ్చెను. 1990 జనవరి 11న ఆమె ప్రసవించెను. నెల తిరిగినదో లేదో, ఫిబ్రవరి 13న ఆమెను ఉద్యోగమునుండి తొలగించిరి. ఆమె పత్రములో వ్రాసిన తేదీకిని, ఆసుపత్రి కాగితములోని తేదీకిని తేడా యున్నదని వారి వాదము! సోదరీమణులారా, చదువుకొన్న పెద్దమనుషులు బల్లచుట్టు కూర్చుండి ఒక బాలింత నెలసరి తేదీలను రెండు కాగితములపై సరిచూచుకొనుట నొక్కమారు ఊహించుడు. 1991 అక్టోబరులో సుప్రీంకోర్టువారు ఆమెను తిరిగి ఉద్యోగములోనికి తీసికొనవలసినదని ఆజ్ఞాపించిరి. ఆ ప్రశ్నలు సిగ్గు కలిగించునవనియు, అవమానకరములనియు చెప్పి, వానిని పత్రమునుండి తొలగింపుడని సంస్థకు చెప్పిరి.

ఇంటర్వ్యూ యనునదే ఎంత జారుడు నేలయో తెలుపు తీర్పు మరియొకటి కలదు. అది ఉద్యోగమునకు గాక కాలేజీ ప్రవేశమునకు సంబంధించినది. శ్రీనగరు ప్రాంతీయ ఇంజినీరింగు కాలేజీలో ఇంటర్వ్యూకు నూటికి ముప్పదిమూడు పాళ్లకు పైగా మార్కులు పెట్టి, ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషములు మాత్రము కూర్చుండబెట్టి, తలిదండ్రులెవరు, ఏ యూరు అని యడిగి పంపివేసిరని విద్యార్థులు మొరపెట్టుకొనిరి. 1980లో సుప్రీంకోర్టువారు అంతటి మార్కులు తగవనియు, పదునైదు పాళ్లు మించరాదనియు చెప్పి, ఇంటర్వ్యూలో జరిగిన సంభాషణను టేపుమీద రికార్డు చేయుట మంచిదని కూడ సూచించిరి. ఆ మాట చదివినపుడు మా కరస్పాండెంటుగారి గది జ్ఞాపకము వచ్చి నవ్వుకొంటిని. ఆ గదిలో టేపు పెట్టినచో ఇండ్లస్థలముల ధరలే యెక్కువగా వినబడును. కేంద్ర ప్రభుత్వమువారు 2016 జనవరినుండి తమ క్రింది తరగతి ఉద్యోగములకు ఇంటర్వ్యూలనే యెత్తివేసిరి.

ప్రైవేటు సంస్థలకు ఏ చట్టమును వర్తించదని మనలో చాలమంది భ్రమ. ఒకే విధమైన పనికి మనుషులను తీసికొనునపుడు స్త్రీయని భేదము చూపరాదని 1976 నాటి సమాన వేతన చట్టములోనే యుండెను. 2025 నవంబరు 21నుండి అమలునకు వచ్చిన వేతనముల స్మృతిలోను ఆ నిబంధన కలదు. ఇంటర్వ్యూ పేరిట పిలిచి అసభ్యముగా మాటలాడినను, ప్రవర్తించినను 2013 నాటి చట్టము క్రింద ఫిర్యాదు చేయవచ్చును; ఆ చట్టము ఉద్యోగములో చేరిన స్త్రీకే గాక చేరనిదానికిని రక్ష. అయినను బల్లకెదురుగా ఒంటరిగా కూర్చున్న పిల్లకు ఆ క్షణమున చట్టము నోటికి రాదు. అందుచేత మేము ఇంటిలో కూర్చుండి, చెప్పదగిన మాటయొకటి వెదకి పెట్టుకొంటిమి: "నా పనికి అడ్డము రాకుండ ఇంటిలో ఏర్పాట్లు చేసికొన్నానండి, పాఠమును గూర్చి అడుగుడు." పొగరుగాను ఉండదు, లొంగినట్లును ఉండదు. అమ్మాయి దానిని అద్దము ముందు నాలుగుమారులు పలికి చూచుకొనెను. అసలు సర్టిఫికెట్లు చూపి, అచటనే తిరిగి తీసికొనవలయుననియు, ఇచ్చి రావలసివచ్చిన రసీదు లేక కదలరాదనియు, ఉత్తరువు చేతికి రానిదే ఉన్న పని విడువరాదనియు కూడ ననుకొంటిమి. ఈ కడపటి మాట నాకే గుచ్చుకొనుచుండెను.

మావారి స్నేహితులొకరు చిన్న పాఠశాల నడుపుచున్నారు. వారికి ఈ కథ చెప్పగా వారు కొంత తమ పక్షమున చెప్పిరి. మే నెలలో వచ్చి తప్పక చేరెదమని చెప్పినవారిలో కొందరు జూనులో ముఖము చూపరట. ఫోను చేసిన వారును ఎత్తరట. "కబురు చేయుదుమని మేమంటిమి, చేరుదుమని వారనిరి; రెండును నీటిమీది వ్రాతలే" అని నవ్విరి. అబద్ధము కాదు. కాని చేరకపోయిన టీచరుకు బదులు మరియొకరు దొరకుదురు. ఉన్న పని మాని వచ్చిన పిల్లకు ఆ నెల బియ్యమెవరిత్తురు? రెండు నష్టములును ఒకటికావని వారితో గట్టిగానే చెప్పితిని.

గట్టిగా చెప్పి యింటికి వచ్చిన తరువాత నాకు మా వంటమనిషి సంగతి జ్ఞాపకము వచ్చెను. రెండేండ్ల క్రిందట వంటకు మనిషిని వెదకుచు నొకామెను పిలిచితిని. "ఎందరు పిల్లలు? మొగుడేమి చేయును? త్రాగునా? కడుపుతో లేవు గదా?" అని గుమ్మములోనే నిలువబెట్టి యడిగితిని. చేతి రుచి చూతమని మూడు దినములు వండించుకొంటిని. చారులో ఉప్పు ఎక్కువయినదని మావారన్నందున నాలుగవనాడు మానిపించితిని. అదియు నేను చెప్పలేదు; ప్రక్కింటి పనిమనిషిచేత "మళ్లీ కబురు చేస్తారట" అని చెప్పించితిని. మూడు దినములకును ఉదయము టిఫిను పెట్టితినే గాని, కూలి యిచ్చినట్లు జ్ఞాపకము లేదు. కరస్పాండెంటును తిట్టుచున్నంతసేపు ఆమె ముఖము నాకు కనబడలేదు, ఇప్పుడు కనబడినది. విచారించి ఆమె యిల్లు కనుగొని పోయితిని. డబ్బు చేతిలో పెట్టగా ఆమె మొదట నన్ను గురుతుపట్టలేదు. తరువాత, "ఆ మూడు రోజులదా అమ్మగారూ? ఆ వారం వేరే ఇల్లు ఒకటి వదులుకున్నాను" అని మామూలుగానే చెప్పి, డబ్బు కొంగున ముడివేసికొనెను.

మా అమ్మాయికి బడిలో తిరిగి చేరుటకు వీలు కాలేదు. అప్పటికే మరియొకరు వచ్చియుండిరి. హెడ్‌మిస్ట్రెసే తన స్నేహితురాలు పనిచేయు మరియొక కాలేజీకి సిఫారసు చేసినది. అక్కడ ముందుగానే ఉత్తరము వ్రాసి, ఏ పాఠము చెప్పవలెనో తెలిపి, పది గంటలకు రమ్మని పిలిచి, పదింటికే లోనికి పిలిచిరి. అడిగినవన్నియు పాఠమును గూర్చియే. ఒక ప్రశ్నకు ఈమె తప్పు చెప్పగా, అచటి ఆవిడ బోర్డుమీద సరిదిద్ది చూపెనట. ఉద్యోగము రాకున్నను ఆ లెక్క నేర్చుకొని వచ్చితినని సంతోషపడుచు వచ్చెను. నాలుగవనాడు ఉత్తరువు వచ్చినది. దసరా సెలవులకు ముందు చేరినది.

సంక్రాంతి పండుగ వెళ్లిన వారమున రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మ్రోగెను. నేనక్కడనే యుంటిని. పేరు చెప్పని ఆ గొంతే! కెమిస్ట్రీ మేడం సెలవుమీద పోవుచున్నదనియు, పరీక్షలు దగ్గరపడినవనియు, రేపటినుండి రాగలరా యనియు నడిగిరి. మా అమ్మాయి నావైపు చూచి, కోపము లేకుండ, "విషయమంతా ఉత్తరం వ్రాసి పంపండి. ఎన్ని రోజులు, జీతమెంత, వేసవిలో రావలసిన పదకొండు రోజుల బాకీ ఎప్పుడిస్తారు, అన్నీ వ్రాయండి. చదివి కబురు చేస్తాను" అనెను. అటువైపు కొంచెముసేపు మౌనము. తరువాత ఫోను పెట్టివేసిరి. ఆ యుత్తరము ఇంకను రాలేదు.